బాలింత కన్నీరు విశ్వాస లోపమా?

కాన్పు జరిగిన ఇంటికి వచ్చినవారంతా బిడ్డ గురించే అడుగుతారు. బరువు ఎంత? పాలు పడుతున్నాయా? మగబిడ్డా, ఆడబిడ్డా? అదే ఇంట్లో బాలింత నిద్రపట్టక, అన్నం సయించక, బిడ్డను ఎత్తుకోవడానికి కూడా మనసు రాక, గోడవైపు తిరిగి కన్నీరు కారుస్తూ ఉంటే మాత్రం ప్రశ్నలు ఆగిపోయి తీర్పులు మొదలవుతాయి. "అల్లాహ్ పండంటి బిడ్డనిస్తే ఈ ఏడుపేమిటి? ఈమెకు షుక్ర్ లేదు" అంటారు. "మేము కనలేదా, పెంచలేదా?" అంటారు. ఇలా అనేవారు చెడ్డవారు కారు. ధర్మం చెబుతున్నామన్న నమ్మకంతోనే అంటారు. అందుకే ఈ విషయాన్ని ధర్మం వెలుగులోనే పరిశీలించాలి.

దివ్య ఖుర్ఆన్‌లో ఒక కాన్పు వర్ణన ఉంది. మర్యమ్ సూరా 23వ ఆయతు నుండి చదవండి. పురిటి నొప్పులు హజ్రత్ మర్యమ్ (అ)ను ఒక ఖర్జూరపు చెట్టు మొదటికి చేర్చాయి. ఇంతకు ముందే తాను చనిపోయి, ఎవరికీ గుర్తులేకుండా పోయి ఉంటే ఎంత బాగుండేదని ఆమె వాపోయారు. లోకంలోని స్త్రీలందరిపై అల్లాహ్ ఎన్నుకున్న పుణ్యవతి నోట వచ్చిన మాట ఇది! ఆమెకు జబ్బు చేసిందని మనం అనటం లేదు. ఆమె బాధకు కారణాలు వేరు, లోకనింద భయం అందులో ముఖ్యమైనది. మనం గమనించవలసింది ఆ మాటకు వచ్చిన జవాబు. అందులో మందలింపు లేదు, సహనం గురించిన ఉపన్యాసం లేదు. మొదట దుఃఖించవద్దనే ఓదార్పు. తర్వాత కాళ్ళ దగ్గరే సెలయేరు. తర్వాత తాజా ఖర్జూరాలు. తిని, తాగి, కళ్ళు చల్లబరచుకోమన్న అనుమతి. చివరగా, జనం వచ్చి ప్రశ్నిస్తే ఈ రోజు మౌనవ్రతంలో ఉన్నానని సైగ చేయమన్న ఆదేశం. అంటే జనం నోటి నుండి కూడా ఆమెకు రక్షణ లభించింది.

మూసా (అ) తల్లి హృదయం తల్లడిల్లిపోయిందని, అల్లాహ్ ఆమె గుండెను దృఢపరచకపోతే ఆమె రహస్యం బయటపెట్టేసేదేనని ఖసస్ సూరా చెబుతోంది. యాఖూబ్ (అ) కళ్ళు దుఃఖంతో తెల్లబడిపోయాయి. వీరిలో ఎవరి ఈమాన్‌ను మనం శంకిస్తాం?

వైద్యులు చెప్పేది కూడా తెలుసుకోవాలి. కాన్పయిన తొలి రోజుల్లో చాలామంది తల్లులకు కారణం లేకుండానే ఏడుపు వస్తుంది. అది సాధారణంగా రెండు వారాల లోపే తగ్గిపోతుంది. తగ్గకుండా సాగితే అది డిప్రెషన్ కావచ్చు. పేద, వర్ధమాన దేశాల్లో ప్రసవానంతరం దాదాపు అయిదుగురిలో ఒకరికి మానసిక రుగ్మత వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వెయ్యిమందిలో ఒకరిద్దరికి ఇంకా తీవ్రమైన స్థితి వస్తుంది. లేని మాటలు వినిపిస్తాయి, అకారణ అనుమానాలు కలుగుతాయి. అలాంటప్పుడు తల్లీబిడ్డలను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మన పల్లెల్లో జరిగేది వేరు. "ఆసేబ్ పట్టింది" అంటూ ఆమిల్ దగ్గరికి, తావీజుల దగ్గరికి తిప్పుతారు. కొన్నిచోట్ల కొట్టడం, పొగపెట్టడం కూడా ఉంది. ఖుర్ఆన్ పఠించి దుఆ చేయడం సున్నత్. పచ్చి బాలింతను కొట్టడం జుల్మ్. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు కల్పించాడని, చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. దుఃఖంలో ఉన్న ఇంటికి హజ్రత్ ఆయిషా (ర) తల్బీనా, అంటే బార్లీ జావ, చేయించేవారు. అది రోగి గుండెకు ఊరటనిచ్చి దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని ఆమె ప్రవక్త (స) నుండి విన్నారు.

ఇక షరీఅత్ ఆమెకిచ్చిన రాయితీలు చూడండి. నిఫాస్ రోజుల్లో నమాజు మాఫీ. గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ ఉపవాసాలు తర్వాతకు వాయిదా వేసుకునే వెసులుబాటు. బిడ్డ కారణంగా ఏ తల్లినీ బాధించరాదని బఖరా సూరా 233వ ఆయతు ఆదేశం. ఆమె తిండి, బట్ట బాధ్యత తండ్రిదే. దైవప్రవక్త (స) సుదీర్ఘంగా నమాజు చేయించాలని నిలబడి, పసిబిడ్డ ఏడుపు వినగానే, వెనుక నిలబడిన తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని నమాజును కుదించేవారు. ఒక తల్లి కోసం మొత్తం జమాఅత్ నమాజు కుదించబడింది. మన ఇంట్లో ఆమె కోసం వంట వేళ కూడా మారదు! ఆడపిల్ల పుట్టిందని ముఖం మాడ్చుకునే ఇళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. గోవాలో తల్లులపై జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, బాలింతల డిప్రెషన్‌కు పేదరికంతో పాటు భర్త హింస, ఆడబిడ్డ పట్ల అయిష్టత కూడా కారణాలుగా తేలాయి.

మానసిక వైద్యులే లేని పల్లెల్లో ఇదంతా ఎలా సాధ్యమని కొందరు అడగవచ్చు. పాకిస్తాన్‌లోని రావల్పిండి ప్రాంతపు పల్లెల్లో సాధ్యమైంది. అక్కడ మన ఆశా కార్యకర్తల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. గర్భం చివరి నెలలో మొదలుపెట్టి బిడ్డకు పది నెలలు వచ్చేవరకు వారు పదహారు సార్లు ఇంటికి వెళ్ళి తల్లితో కూర్చునేవారు. ఆమె ఆలోచనలను వినేవారు, నిరాశ మాటకు బదులు మేలైన మాట వెతకడానికి తోడ్పడేవారు, భర్తనూ అత్తగారినీ కలుపుకుపోయేవారు. ఆరు నెలల తర్వాత చూస్తే, ఈ తోడు దొరికిన తల్లుల్లో 23 శాతం మందిలోనే డిప్రెషన్ మిగిలింది. మామూలు సందర్శనలు మాత్రమే అందినవారిలో అది 53 శాతం. డాక్టర్ ఆతిఫ్ రెహ్మాన్ బృందం 2008లో ఈ ఫలితాలు ప్రచురించింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని తన మార్గదర్శక పుస్తకంగా వెలువరించింది.

మన దగ్గర కూడా ఆశా కార్యకర్త కాన్పయిన 42వ రోజు వరకు ఆరేడు సార్లు ఇంటికి వస్తుంది. బిడ్డను తూకం వేస్తుంది, జ్వరం చూస్తుంది. ఆమెను ఓ పావుగంట తల్లి దగ్గర ఒంటరిగా కూర్చోనివ్వడం ఆ ఇంటి పెద్దల చేతిలో ఉంది. అత్తగారు పక్కనే ఉంటే ఏ కోడలు మనసు విప్పుతుంది? 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. భార్య చేతికి ఫోన్ ఇచ్చి పక్కకు తప్పుకోవడం భర్త చేయగల పని.

ఇమామ్ గజాలీ (రహ్మ) వైద్య విద్యను ఫర్జె కిఫాయా అన్నారు. ఊళ్ళో కొందరైనా నెరవేరిస్తే అందరి బాధ్యత తీరుతుంది, ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులే. బాలింతను పలకరించి, ఆమె స్థితి గుర్తించి, వైద్యానికి చేర్చడం కూడా ఈ కోవలోనిదే కాదా? అలాంటప్పుడు లెక్క అడగబడేది ఏడుస్తున్న ఆ తల్లినా, చుట్టూ ఉన్న మననా? మస్జిద్ కమిటీలు జుమా రోజున ఈ ప్రశ్న ముందుకు తేవచ్చు. మహల్లాలో ఈ నెల ఏ ఇంట్లో కాన్పు అయిందో ఆ కమిటీకి ఎలాగూ తెలుసు, అఖీఖా మాంసం ఇంటింటికీ చేరుతుంది కదా.