కృతజ్ఞత ఎన్నాళ్ళు నిలవుంటుంది?

2016 మే నెలలో ఒక రాత్రి, రెండు దాటిన తర్వాత, మా హాల్లోంచి పెద్ద కేక వినిపించింది. దొంగలు పడ్డారేమోనని మావారు కర్ర పట్టుకుని పరిగెత్తారు. తీరా చూస్తే మావాడు టీవీ ముందు గంతులేస్తున్నాడు. "లెస్టర్ గెలిచిందమ్మా!" అన్నాడు.

టీవీలో ఆడినవి టోటెన్‌హామ్, చెల్సీ అనే రెండు జట్లు. ఆట చెరి రెండు గోల్స్‌తో సమానంగా ముగిసింది. మధ్యలో ఈ లెస్టర్ గెలవడమేమిటో నాకు అర్థం కాలేదు. అప్పుడు ఇంటర్ చదువుతున్న మావాడు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఇంగ్లండు ప్రీమియర్ లీగులో 20 జట్లు. ప్రతి జట్టూ మిగతా అన్నిటితో రెండేసిసార్లు, మొత్తం 38 ఆటలు ఆడాలి. గెలిస్తే 3 పాయింట్లు, సమానమైతే ఒకటి. చివరికి ఎక్కువ పాయింట్లున్నవాళ్ళే విజేతలు. అడుగునున్న మూడు జట్లు కింది డివిజనుకి దిగిపోవాలి. టోటెన్‌హామ్ ఆ రాత్రి గెలవలేదు గనక ఇక లెస్టర్‌ని అందుకోగలవాళ్ళే లేరట.

1884లో పుట్టిన ఆ క్లబ్బు అంతవరకూ ఒక్కసారీ పై డివిజన్ విజేత కాలేదు. ఆ ఏడాది మొదట్లో లెస్టర్ మీద పౌను కాస్తే 5000 పౌన్లిస్తామన్నారట పందేలవాళ్ళు. అంటే జరగదని అంత నమ్మకమన్నమాట.

మావాడి కథలో నన్ను పట్టేసింది ఆటగాళ్ళు కాదు, వాళ్ళ మేనేజరు క్లాడియో రానియేరి. ఇటలీ దేశస్థుడు. అప్పటికి 64 ఏళ్ళు. 2014లో గ్రీసు జట్టుని నడుపుతూ, యాభై వేల జనాభాకి మించని ఫేరో దీవుల చేతిలో ఓడిపోయి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. ఆయన్ని తెచ్చుకున్నందుకు లెస్టర్‌ని చూసి చాలామంది పెదవి విరిచారు. ఆయనేమో ఒక్క గోలు కూడా ఇవ్వకుండా ఆడితే పిజ్జా తినిపిస్తానని కుర్రాళ్ళకి ఆశపెట్టాడు. అలా ఆడాక తీసుకెళ్ళి, ఎవరి పిజ్జా వాళ్ళనే చేసుకోమన్నాడు! నాకీ మనిషి భలే నచ్చాడు. విజేతలయ్యారని తేలిన ఆ రోజున ఆయన మధ్యాహ్నం భోజనానికి ఎక్కడికెళ్ళాడో తెలుసా? ఇటలీలో ఉన్న 96 ఏళ్ళ తల్లి దగ్గరికి.

మరుసటి ఫిబ్రవరి 23న ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

మే నుంచి ఫిబ్రవరికి లెక్కపెట్టుకోండి. తొమ్మిది నెలలు దాటి కొన్నాళ్ళు. మన ఇళ్ళలో ఆవకాయైనా ఏడాది నిలవుంటుంది గదా అని మండిపడ్డాను నేను. అలా జరగడం ఆ లీగులో కొత్తేమీ కాదట. 2015లో చెల్సీని విజేతగా నిలబెట్టిన జోసే మొరీనియోని అదే డిసెంబరులో సాగనంపారు. అదీ లెస్టర్ చేతిలో ఓడిన మూడోనాడు! రానియేరిని తీసేసిన మర్నాడు ఆ మొరీనియోయే రానియేరి పేరులోని పొడి అక్షరాలు చొక్కా మీద వేయించుకుని వచ్చాడు. దెబ్బ తిన్నవాడికే తెలుస్తుంది కాబోలు.

యజమానుల మాటా వినాలి మరి. రానియేరిని తీసేసేనాటికి లెస్టర్ పదిహేడో స్థానంలో ఉంది. ఒక్క మెట్టు దిగితే పతనమే. ఆ ఏడాది అట్టడుగున నిలిచిన జట్టుకి కూడా లీగు పంచిన డబ్బు 9 కోట్ల పౌన్లకి పైమాటే. కింది డివిజనుకి పడితే అందులో చాలా భాగం పోతుంది. మంచి ఆటగాళ్ళు పోతారు, ఆఫీసులో చిన్నాచితకా ఉద్యోగాలూ పోతాయి. సొంత అభిమానం కంటే క్లబ్బు బాగు ముఖ్యమన్నారు వాళ్ళు. నాలుగు రోజులకి లెస్టర్ లివర్‌పూల్‌ని 3-1తో ఓడించింది. సీజను ముగిసేసరికి పన్నెండో స్థానంలో క్షేమంగా ఉంది.

ఆ లివర్‌పూల్ ఆటలోనే 65వ నిమిషంలో జనం సెల్‌ఫోన్ దీపాలు పైకెత్తి పట్టుకున్నారు. రానియేరికి అప్పుడు 65 ఏళ్ళు. ఆయన పోయినందువల్ల వచ్చిన గెలుపుకి చప్పట్లు కొడుతూనే ఆయన్ని తలుచుకున్నారన్నమాట. ఇదేం వేషం అనుకున్నాను అప్పట్లో. ఇప్పుడలా అనుకోను.

ఎందుకంటే 2019లో నేనూ అదే పని చేశాను.

మావారి మేనత్తని మేం పెద్దత్తయ్య అంటాం. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి చేరి, తల్లిలేని మావారిని పెంచింది. ఆయన పరీక్ష ఫీజుకి గాజులమ్మింది. నేను కాపురానికొచ్చిన నాటినుంచీ వంటిల్లు ఆవిడదే. నా నవలలన్నీ ఆవిడ గరిట తిప్పుతుండగా రాసుకున్నవే. అటువంటిది, రెండుసార్లు గ్యాసు కట్టెయ్యడం మరిచిపోయింది. రెండోసారి ఇల్లంతా వాసన. ఆ సాయంత్రమే వంటమనిషిని కుదిర్చి, ఆ అమ్మాయి ఎదుటే, "ఇక మీరు రెస్టు తీసుకోండి పెద్దత్తయ్యా" అనేశాను.

తప్పు చేశానా? ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనలేను. మావారిని పెంచినందుకు బదులుగా ఇల్లు తగలబెట్టే హక్కు ఇవ్వలేం గదా. కుర్చీ అనేది నిన్న చేసినదానికి బహుమానం కాదు, రేపు చెయ్యాల్సిన పని. ఆ లెక్కన లెస్టర్ యజమానులదీ తప్పు కాదేమో. కానీ ఆ వారం వంట బాగుందని అందరం మెచ్చుకుంటూ తిన్నాం. వరండాలో ఆవిడ వింటూనే ఉంది. మేం ఎవ్వరం ఏ దీపమూ ఎత్తలేదు. కుర్చీతో తీర్చలేని బాకీ మరి దేనితో తీర్చాలో ఆలోచించనేలేదు. పని సవ్యంగా సాగిపోతోంది గనక బాకీయే లేదనుకున్నాం.

"లెస్టర్‌కి దేవుడు వాత పెట్టాడమ్మా, 2023లో కింది డివిజనుకి పడ్డారు. 2024లో పైకొచ్చి, 2025లో మళ్ళీ పడ్డారు" అంటాడు మావాడు. నేనొప్పుకోను. మధ్యలో 2021లో ఎఫ్.ఎ. కప్పు గెలిచారు గదా? అప్పుడు దేవుడేం చేస్తున్నట్టు? విశ్రాంతి తీసుకుందామనుకున్న రానియేరిని 2024 నవంబరులో సొంత ఊరు రోము జట్టు పిలిచి మళ్ళీ పగ్గాలిచ్చింది. అప్పటికాయనకి 73 ఏళ్ళు. ఆ వార్త చదివి నేను పెద్దత్తయ్య గదివైపు చూశాను.

నిరుడు ఆవకాయ పెట్టిన మూడోనాడు, తిరగకలిపాక, గిన్నెలో కొంచెం తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను, ఉప్పు చూడమని. నాలిక్కి రాసుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. "చాలదే" అంది.

నాకైతే సరిపోయిందనే అనిపించింది. ఇంకో గుప్పెడు వేశాను.