జొన్నల మీద వేసిన నేరం

మా అవ్వకు వచ్చిన జబ్బుకు కారణం ఏమిటి? గాలి సోకిందని ఊరంతా అన్నది. నియాసిన్ అనే విటమిన్ చాలలేదని ఆసుపత్రి అన్నది. జొన్నల్లో లూసిన్ ఎక్కువని తర్వాత పుస్తకాల్లో చదివాను. అవ్వను అడిగితే "పటేలు కొలిసిచ్చిందే తిన్న, ఇంకేం తింట?" అన్నది. గాలి మాట అబద్ధం. మిగిలిన మూడు మాటలూ నిజమే. మూడూ నిజమైనప్పుడు దేన్ని కారణమని రాయాలి? దేన్ని వదిలెయ్యాలి? ఆ వదిలేసే అధికారం ఎవరిది? నలభై ఏండ్లకు పైగా ఈ ప్రశ్న నన్ను ఇడిచిపెట్టలేదు.

మాది పాలమూరు జిల్లాలో ఒక రాళ్ళనేలల ఊరు. మాదిగ వాడ. నాయిన పటేలు దగ్గర జీతం ఉన్నడు. ఏడాదికి ఇన్ని కుంచాల జొన్నలని మాట. అవ్వ కలుపుకు పోయేది, కోతకు పోయేది. ఆ కూలి కూడా జొన్నలే. వానలు ఎనకబడ్డ ఏడు పటేలింట్లోనే నాగు తెచ్చుకునేవాళ్ళం. తెచ్చింది జొన్నలు, తీర్చేది జొన్నలు, మిత్తి కూడా జొన్నలే. పొద్దున గటక, పగలు అంబలి, రాత్రి రొట్టె. నంజుకోను గొడ్డుకారం. పుంటికూర దొరికిన్నాడు పుంటికూర. పప్పు పండుగనాడు. పటేలు బర్లను కాసేది మేమే, పాల రుచి మాత్రం మాకు తెల్వదు.

1968లో ఎండకాలం మొదలైతుండంగ అవ్వ చేతుల మీద తోలు నల్లబడ్డది. మోచేతుల దాకా, కొలిచి గీత గీసినట్టు, రెండు చేతులకూ ఒక్క తీరుగ. తర్వాత పాదాలు. తర్వాత మెడ చుట్టూ ఒక పట్టీ. పగిలి పొట్టు రాలేది. నాలుక ఎర్రగా పుండయి కారం ముట్టలేకపోయేది. విరేచనాలు పట్టుకున్నయి. ఆ తర్వాత మనిషి మాట మారింది. రాత్రిళ్ళు ఎవరో పిలిచినట్టు లేచి చేండ్ల దిక్కు నడిచేది. నన్ను చూసి "ఎవ్వరి పోరనివిరా నువ్వు?" అన్నది ఒకరోజు. నాకప్పుడు పదేండ్లు.

కుష్టని పటేలమ్మ వాకిట్లోకి రానియ్యలేదు. అది కొత్త కాదు, మేము ఎన్నడూ వాకిలి దాటింది లేదు. కాని మా వాడ బాయికాడ మావాళ్ళే అవ్వ కడవను దూరం పెట్టమన్నరు. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రాదు, అయినా రాయాలి. అంటరానితనం పైనుంచి కిందికి పారే నీళ్ళ లాంటిది, అట్టడుగున కూడా ఇంకొక గుంట వెతుక్కుంటది. యాపమండలు, ముడుపులు, ఒక కోడిపుంజు అన్నీ అయినయి. చివరికి మా మేనమామ అవ్వను పట్నం పెద్దాసుపత్రికి తోలుకపోయిండు.

అక్కడ డాక్టరు మెడ చూసిండు, చేతులు చూసిండు. ఒక్క నిమిషంలో చెప్పిండు: పెల్లాగ్రా. గోలీలిచ్చిండు. నాలుగైదు రోజుల్లో నోటి పుండు మానింది, విరేచనాలు కట్టినయి. ఆరోనాడు మామను పిలిచి "పోరడు తిన్నడా?" అని అడిగింది. ఆ ఒక్క మాటకు నేను శాస్త్రానికి జీవితాంతం రుణపడి ఉన్నాను. ఎమర్జెన్సీ ముందటి రోజుల్లో ఒక కార్యకర్త నాతో అన్నడు: "మందుగోలీలు సంస్కరణవాదం, దోపిడీ పోతే జబ్బు పోతది." దోపిడీ పోయేదాకా మా అవ్వ చేండ్లల్ల తిరుగుతుండాల్నా అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

పంపేటప్పుడు డాక్టరు పాలు, గుడ్లు, మాంసం, పల్లీలు తినిపియ్యమన్నడు. జొన్నలు తగ్గియ్యమన్నడు. "తగ్గిస్తే ఏం పెంచాలె సారూ?" అని అవ్వ అడిగింది. ఆయన చీటీ మీదనుంచి తల ఎత్తలేదని మామ చెప్పేవాడు.

తర్వాత్తర్వాత చదువుకున్నాను. ఆ మెడ పట్టీకి పుస్తకాల్లో ఒక పేరుంది, కాసల్ హారం. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కాసల్ అనే వైద్యుడు మొక్కజొన్న తిని బతికే పేదల్లో ఈ జబ్బును గుర్తించాడు. పుస్తెలతాడు తప్ప ఇంకొకటి ఎరగని మెడకు ఆ హారం దక్కింది. ఇటలీలో కౌలు రైతులకు, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పత్తి కూలీలకు ఇదే జబ్బు. అక్కడ గోల్డ్‌బర్గర్ అనే ప్రభుత్వ వైద్యుడు 1915లో మిసిసిపీ జైలు పొలంలో ఖైదీలకు నాసిరకం తిండి పెట్టి జబ్బు తెప్పించి చూపించాడు. బదులుగా వాళ్ళకు విడుదల దొరికింది. ఆకలి పెట్టి విడుదల ఇవ్వడం ఏం న్యాయమో వేరే చర్చ. కాని ఆ మనిషే మరుసటి ఏడు సిడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తతో కలిసి దక్షిణ కరోలినా మిల్లు ఊళ్ళల్లో ఇంటింటి ఆదాయం లెక్క తీశాడు. ఆదాయం తగ్గిన కొద్దీ జబ్బు పెరిగింది. విటమిన్ పేరు అప్పటికి ఎవరికీ తెలియదు. నియాసిన్ సంగతి తేలింది 1937లో. అంటే కూలి సంగతే ముందు తేలింది, విటమిన్ తర్వాత దొరికింది. విద్యార్థి మిత్రులు ఈ వరుసను గుర్తు పెట్టుకోవాలి.

మన దగ్గర కథ వేరు. 1918లో కూనూరులో ఒక గదిలో మొదలైన పోషకాహార ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు వచ్చింది, అదే తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి గోపాలన్, శ్రీకాంతియాలకు ఒక చిక్కు ఎదురైంది. మొక్కజొన్నలో నియాసిన్ ఒంటికి పట్టకుండా బిగుసుకుని ఉంటుంది. జొన్నలో అట్లా లేదని వాళ్ళు అన్నారు. నియాసిన్ తక్కువేం కాదు. మరి దక్కన్‌లో జొన్న తినేవాళ్ళకు ఎందుకు వస్తున్నది? జొన్నలో ఎక్కువగా ఉన్న లూసిన్ దీనికి కారణమని వాళ్ళు 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. లూసిన్ ఎక్కువైతే ఒంట్లో ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే పని చెడుతుందని వాదం. దాని మీద శాస్త్రజ్ఞుల మధ్యనే తర్వాత తగాదాలు నడిచాయి. నేను వాళ్ళ తగాదాలోకి పోను. ఎవరూ పట్టించుకోని పేదల జబ్బును పట్టించుకున్నందుకు ఆ ఇద్దరికీ దండం పెడతాను.

నా తగాదా ఒక్క మాటతోనే. తర్వాత వచ్చిన కాగితాల్లో, పాఠాల్లో ఆ వాదం నలిగి నలిగి ఒక మాటగా మిగిలింది, "ఆహారపు అలవాటు". జొన్న తినే అలవాటున్న వర్గాల్లో జబ్బు ఎక్కువ అని.

అలవాటు అంటే ఏమిటి? పటేలింట్లో కూడా జొన్న రొట్టే తినేవాళ్ళు. వెన్నపూసతో, పెరుగుతో, పప్పుతో, వారానికొకసారి కోడికూరతో. ఆ రొట్టెలోనూ లూసిన్ అంతే ఉన్నది. పిండి ఒక్క ఇసుర్రాయి మీదిదే, ఇసిరింది మా అవ్వే. ఆ ఇంట్లో ఎవ్వరి చేతులూ నల్లబడలేదు. రెండిండ్లలో ఉన్న జొన్న ఒక్క ఇంట్లోనే జబ్బు తెస్తే, తేడా జొన్నలో ఉందా, జొన్న పక్కన ఉండవలసిన దాంట్లో ఉందా? తినడం అలవాటనుకున్నా, తినకపోవడం ఎవరి అలవాటు?

దీనికి ఒక శాస్త్రజ్ఞ మిత్రుడు జవాబు చెప్పాడు. "కారణాల గొలుసును ఎక్కడో ఒకచోట ఆపాలి. నేను పని చెయ్యగలిగినచోట ఆపుతాను. విటమిన్ లేదంటే గోలీ ఇవ్వగలను, పటేలు అంటే నా దగ్గర ఏ గోలీ ఉంది?" అన్నాడు. నిజాయితీ గల జవాబు, మంచం పక్కన నూటికి నూరుపాళ్ళు సరైన జవాబు. రిపోర్టు రాసేటప్పుడు సరిపోదు. రిపోర్టు చదివేది రోగి కాదు, సర్కారు. సర్కారు చేతిలో గోలీలు కాక వేరేవి కూడా ఉన్నాయి: కనీస కూలి చట్టం, భూమి చట్టం, రేషన్. డాక్టరు తన చెయ్యి అందేచోట గొలుసును ఆపితే, సర్కారు కూడా అక్కడే ఆపుతుంది. ఆపినచోటికి ముందున్నదంతా ప్రకృతి అయిపోతుంది.

చదువయినంక 1980లలో నేను కూడా ఒక పోషకాహార సర్వేలో పని చేశాను. ఇంటింటికీ పోయి నిన్న ఏం వండారు, ఎంత తిన్నారు అని అడగాలి. మా సంచిలో కొలత గిన్నెలుండేవి. గటక ఎంత అంటే గిన్నె చూపించాలి, అమ్మలు "గీ గిన్నె" అని వేలు పెట్టేవాళ్ళు. "మీరెంత తిన్నరు?" అంటే చాలామంది ఆడవాళ్ళ జవాబు ఒక్కటే. "మిగిలింది తిన్న సారూ." ఆ మిగిలినదానికి మా సంచిలో గిన్నె లేదు.

ఆ లెక్కల్లో ఒక కొలమానం ఉంది, కన్సంప్షన్ యూనిట్. కూర్చుని పని చేసే మగవాడు 1.0. కూర్చుని పని చేసే ఆడమనిషి 0.8. బరువు పని చేసే మగవాడు 1.6, ఆడమనిషి 1.2. ఇల్లు మొత్తం తిన్నదాన్ని ఈ యూనిట్లతో భాగిస్తే మనిషికెంత అందిందో తేలుతుంది. లెక్క మంచిదే. కాని ఎవరిది బరువు పని? మొగులు తెల్లారకముందే లేచి, ఇసిరి, వండి, పొద్దంతా వంగి కలుపుతీసి, కట్టెల మోపుతో ఇల్లు చేరే మనిషికి నేను 1.2 వేశాను. సూపర్‌వైజర్ ఫారాలు తిప్పి పంపాడు. "హౌస్‌వైఫ్ కదయ్యా, 0.8 వెయ్యి." ఇద్దరు మనుషుల ఇంట్లో రోజుకు 1200 గ్రాముల జొన్నలు వండారనుకోండి. మొగుడు 1.6, పెండ్లాం 1.2 అంటే యూనిట్‌కు 428 గ్రాములు. పెండ్లాన్ని 0.8 చేస్తే 500. పొయ్యి మీద ఒక్క గింజ పెరగలేదు, కాగితం మీద ఆ ఇంటి ఆకలి తగ్గింది. నేను దిద్దలేదు. ఆ ఫారాలు ఇంకొకరి చేత దిద్దించారు. వచ్చే ఏడు నన్ను పిలవలేదు.

ఇంకొక గడి కూడా ఆ ఫారాల్లో అబద్ధమాడేది. మాంసం గడి. పైకులాల పిల్లలు నింపిన ఫారాల్లో మా వాడల మాంసం సున్నా. వాళ్ళు తప్పు రాయలేదు. అడిగినవాడి మొఖం చూసి మావాళ్ళే చెప్పలేదు. నేను మాదిగోన్నని తెలిసినంక గొంతు తగ్గించి "మొన్న సంతల పెద్దకూర తెచ్చినం" అనేవాళ్ళు.

దీని వెనక మా ఇంట్లోదే ఒక కథ ఉంది. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానండని మనవాళ్ళకు చెప్పాడు. ఆ మాట బొంబాయి మిల్లుల్లో పని చేసి వచ్చిన మా మేనమామతో 1962లో మా వాడకు చేరింది. ఇకమీద గొడ్డును ఈడ్వం, తినం అని వాడ కట్టుబాటు చేసింది. తాత ఊగిపోయే సంతోషంతో కత్తిని చూర్ల చెక్కిండట. నాయనమ్మ మాత్రం దూలానికి కట్టిన ఎండు తునకల దండ దిక్కు చూసి "మరి గటకల ఏమెయ్యాలె?" అన్నదట. ఎవ్వరూ పలకలేదు. గొడ్డును ఈడ్వనందుకు పటేలు ఆ ఏడు జీతంలో జొన్నల కొలత కోసిండు.

ఎండు మాంసంలో నియాసిన్ ఉంటుంది, ట్రిప్టోఫాన్ ఉంటుంది. అది పోయిన ఆరేండ్లకు అవ్వకు జబ్బు వచ్చింది. ఒక ఇంటి కథతో శాస్త్రం నిలవదు గనుక ఈ రెంటినీ ముడిపెట్టి తీర్పు చెప్పను. ఆ కట్టుబాటు తప్పని కూడా అనను. ఈడ్చుకుపోయిన గొడ్డు వెంట మనిషి మర్యాద కూడా ఈడ్చుకుపోయేది. కాని ఆత్మగౌరవానికి ఒక ధర పడ్డది, ఆ ధర ముందు ఆడవాళ్ళ పళ్ళాల్లోంచి పోయింది, ఆ లెక్క మన ఉద్యమం ఎన్నడూ రాసుకోలేదు. నాయనమ్మ అడిగింది చాలా మంచి ప్రశ్న. వాడ మొగోళ్ళు దానికి జవాబుగా పటేలు దగ్గరికి పోయి కూలిలో పప్పు అడిగి ఉండవలసింది. 2012లో ఉస్మానియాలో పిల్లలు పెద్దకూర పండుగ చేస్తే నాకు సంతోషమైంది. అది సంస్కృతి అని వాదించారు, మంచిదే. అది మా అవ్వలకు మందు కూడా అని ఎవరన్నా అంటారేమోనని చూశాను.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. జొన్న చేండ్లు పత్తి చేండ్లయినయి. పెల్లాగ్రా తగ్గిపోయింది. ఇప్పుడు చిన్న డాక్టర్లలో చాలామంది దాన్ని తాగుబోతుల్లో తప్ప చూసి ఉండరు. జొన్న పోయింది గనుక జబ్బు పోయిందనే వాళ్ళున్నారు. బియ్యం చౌకయితే చేతిలో మిగిలిన రెండు రూకలతో పప్పు, గుడ్డు కొన్నారని నేనంటాను.

ఆ తెల్లబియ్యం తింటూ ఇంకొక జబ్బులోకి వచ్చాం. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే లెక్క తేల్చింది. అదే 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. జొన్నలు రంగురంగుల పొట్లాల్లో ఎక్కినయి. జహీరాబాదు దిక్కున దళిత ఆడవాళ్ళు సంఘాలు కట్టి, ఎవ్వరూ మెచ్చుకోని రోజుల్నుంచే ఆ గింజలను కాపాడుకుంటూ వచ్చారు. పొట్లం మీద వాళ్ళ బొమ్మ ఉండదు.

మా చెల్లెకు షుగర్. మండలం ఆసుపత్రిలో "అన్నం తగ్గియ్యమ్మా, జొన్న రొట్టె తిను" అని చెప్పారు. రేషన్ దుకాణంలో ఇచ్చేది బియ్యమే. చెల్లె నెలకు రెండు కిలోల జొన్నపిండి కొంటది. అది పది రోజులు వస్తది. మిగిలిన ఇరవై రోజులు బియ్యమే తింటది.