ముందు కూర్చునేవాడు

చదవవలసిన భాగం: యిర్మీయా 36:1–32, 45:1–5

వానాకాలం సాయంత్రాల్లో హుస్సేన్‌సాగర్ మీదికి పడమటి గాలి నెక్లెస్ రోడ్డు దాటి, మేడల సందుల్లోంచి దారి చేసుకుంటూ దిగుతుంది. అందుకే అది ఒక తీరున ఉండదు. ఇటు ఒడ్డు దగ్గర నీళ్లు నునుపుగానే ఉంటాయి, ట్యాంక్‌బండ్ వైపు పోయేకొద్దీ అలలు లేస్తాయి. విసురు దిగిన చోట నీరు నల్లబడుతుంది. ఆ నల్లమచ్చ పాకుతూ రావడం ముందుగా కనిపెట్టాల్సింది చుక్కాని పట్టినవాడు కాదు. అతని ముందు కూర్చున్నవాడు.

ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న పందెం పడవను తీసుకోండి. ఇంగ్లండులో జాక్ హోల్ట్ గీసిన నమూనా, 1956 నుంచి నీటి మీద ఉంది. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, నీలిరంగు తెరచాపలు, మనుషులు ఇద్దరే. వెనక చుక్కానీ పెద్ద తెరచాప తాడూ స్కిప్పర్ చేతిలో ఉంటాయి. మిగిలినదంతా ముందు కూర్చునే క్రూ పని. పందెం మొదలవడానికి ఐదు నిమిషాల ముందు ఒక జెండా ఎగురుతుంది, నాలుగు నిమిషాలప్పుడు రెండోది. ఒక్క నిమిషం ఉందనగా ఆ రెండోది దిగిపోతుంది. అప్పటినుంచి క్రూ గడియారం చూసి సెకన్లు బిగ్గరగా చెబుతుంటాడు. స్కిప్పర్‌కు తెరచాప అడ్డం కాబట్టి దాని కిందుగా తొంగిచూసి అవతలి పడవ ఏ దారిన వస్తోందో చెప్పేదీ అతనే.

"టాక్ చేద్దాం, రెడీయా?"

"రెడీ అన్నా!"

టాక్ అంటే పడవ మొన గాలిని దాటి అవతలి వైపుకు తిరగడం. చుక్కాని తిరుగుతుంది. పెద్ద తెరచాప అడుగున ఉండే కొయ్య, బూమ్, తలకు తగలకుండా వంగి, ముందు తెరచాప తాడు ఒకటి వదిలి, అవతలి అంచుకు చేరి, రెండో తాడు లాగి బిగించాలి. వదలడం ఆలస్యమైతే ఆ తెరచాపే ఎదురు తన్ని పడవను ఆపేస్తుంది. అంచుకు చేరాక పాదాలు పట్టీల కింద దూర్చి, నడుము నుంచి పైభాగమంతా నీటి మీదికి వాల్చాలి. పొట్ట, తొడలు మండుతాయి. విసురు తగ్గగానే లోపలికి వచ్చేయాలి, లేకపోతే పడవ ఇటే ఒరుగుతుంది. అతని దగ్గరున్న అసలు సరుకు తన బరువు. దాన్ని ఎప్పుడు బయట పెట్టాలో, ఎప్పుడు లోపల పెట్టాలో తెలియడమే నేర్పు.

మన తెలుగు క్రైస్తవ పాటల్లో జీవితం నావ, యేసు నావికుడు. ఆ పాటల మీద నాకు గౌరవమే. ప్రాణం పోతున్న మనుషుల మంచాల దగ్గర అవి ఎంత బలమిస్తాయో చూశాను. కానీ ఆ నావలో మనం ఎక్కడ కూర్చున్నామో మనం అంతగా ఆలోచించం. చేతులు కట్టుకున్న ప్రయాణికుల్లా ఊహించుకుని ఊరుకుంటాం. ఇద్దరు నడిపే పడవలో ప్రయాణికుడికి చోటు లేదు. విసురు వచ్చినప్పుడు అరవై కిలోల మనిషి కదలకుండా కూర్చుని, అంతా నావికుడే చూసుకుంటాడంటే, దాన్ని విశ్వాసమనడానికి నాకు మనసొప్పదు. ఆ కూర్చున్న బరువే పడవను బోల్తా కొట్టిస్తుంది.

1982 ఆసియా క్రీడల్లో పడవ పందేలు బొంబాయి సముద్రం మీద జరిగాయి. ఫైర్‌బాల్ తరగతిలో ఫరోఖ్ తారాపూర్, జరీర్ కరంజియా మన దేశానికి బంగారు పతకం తెచ్చారు. ఆ తరగతి పడవలో క్రూ స్తంభం నుంచి దిగే తీగకు వేలాడుతూ, పాదాలు మాత్రం అంచుకు ఆనించి, ఒళ్లంతా నీటి మీద ఉంచుతాడు. చుక్కాని ఒకటే అయినా పతకం ఇద్దరికీ ఇచ్చారు. సంఘాల్లో లెక్క ఇంత సరిగ్గా ఉండదు. కన్వెన్షన్ పోస్టర్ మీద ప్రసంగీకుని ఫోటో పడుతుంది. చాపలు పరిచినవాళ్లు, మైకు సరిచేసినవాళ్లు, మూడు పూటలా వండిన అక్కలు పోస్టర్‌కెక్కరు. వాళ్లలో ఎవరికైనా ఎప్పుడైనా అది గుచ్చుకుంటే, అది పెద్ద పాపమన్నట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

నేరియా కుమారుడు బారూకుకు గుచ్చుకుంది. యిర్మీయా నోటితో చెబుతుంటే సిరాతో గ్రంథంలో రాసిన లేఖకుడు అతను. యిర్మీయాకు దేవాలయంలోకి వెళ్లే వీలు లేకపోతే, అక్కడికి వెళ్లి చదవాల్సిన బరువూ అతని మీదే పడింది. చిన్న ఇంటివాడేమీ కాదు. అతని సోదరుడు శెరాయా తర్వాతి కాలంలో సిద్కియా రాజు కొలువులో అధికారి (51:59). అలాంటివాడు అందరికీ కోపం తెప్పించే ప్రవక్త పక్కన కూర్చుని రాయసం చేస్తున్నాడు. యెహోయాకీము ఏలుబడి నాలుగో సంవత్సరంలో మూలుగులతో అలసిపోయాననీ, నెమ్మది దొరకడం లేదనీ వాపోయాడు. దానికి దేవుడిచ్చిన జవాబుకు యిర్మీయా గ్రంథంలో ఒక అధ్యాయమే ఉంది, ఐదే వచనాలు. చుక్కాని నీకిస్తానని అందులో లేదు. తాను కట్టినదాన్నే తాను పడగొడుతున్నాననీ, ఇలాంటి వేళ నీకోసం గొప్పవాటిని వెదకవద్దనీ, ఎక్కడికి వెళ్లినా నీ ప్రాణం మాత్రం నీకు దక్కుతుందనీ అన్నాడు.

ఒకప్పుడు ఇది నాకు చాలీచాలని ఓదార్పుగా తోచేది. పడవ బోల్తా పడినప్పుడు ఏం చేయాలో నేర్పే పాఠం తెలిశాక వేరుగా చదువుతున్నాను. బోల్తా పడ్డాక క్రూ పని తారుమారవుతుంది. స్కిప్పర్ పడవ చుట్టూ ఈది అడుగువైపుకు వెళ్లి, అడ్డంగా పొడుచుకొచ్చిన నడిపలక మీదికి ఎక్కుతాడు. క్రూ అతనికి ముందు తెరచాప తాడు విసిరి అందించి, ఒరిగిన పడవ లోపలే నీళ్లలో వెల్లకిలా తేలుతూ కాళ్లపట్టీ పట్టుకుంటాడు. పైకి ఎగబాకాలని చూస్తే అతని బరువుకు పడవ లేవదు. ఇంతసేపూ ఒళ్లు విల్లులా వంచినవాడు ఇప్పుడు బరువు వేయకుండా తేలాలి. స్కిప్పర్ వెనక్కి వాలి లాగితే పడవ లేస్తూ లేస్తూ అతన్ని తనలోకి ఎత్తుకుంటుంది. యూదా రాజ్యమంతా ఒరిగిపోతున్న రోజుల్లో బారూకు విన్న మాట అలాంటిదే. రాజ్యం లేవలేదు, అతను మాత్రం దక్కాడు.

అధ్యాయాల వరుసలో 45వది 36 తర్వాత వచ్చినా, తేదీ ప్రకారం ఈ జవాబు ముందే అందింది. రాజు ముందు గ్రంథం చదివింది మరుసటి సంవత్సరం తొమ్మిదో నెలలో. యెహోయాకీము చలికాలపు భవనంలో కూర్చుని ఉన్నాడు, ముందు కుంపటి రగులుతోంది. యెహూది అనేవాడు మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ మేర కోసి నిప్పులో పడేశాడు. గ్రంథమంతా అలాగే బూడిదైంది. అధికారులు ముందే హెచ్చరించడంతో బారూకు యిర్మీయాతో పాటు దాక్కుని ఉన్నాడు. తర్వాత మరో చుట్ట తెచ్చి, యిర్మీయా చెబుతుంటే మళ్లీ మొదటినుంచీ రాశాడు, కొత్త మాటలు కూడా చేర్చి. ఈసారి వాపోయాడని ఎక్కడా లేదు. వాపోలేదని కూడా లేదు, అది గుర్తుపెట్టుకుందాం.

ఏళ్లు గడిచాక జనం అతని పేరెత్తింది నింద వేయడానికి: యిర్మీయాను తమ మీదికి ఎగదోస్తున్నది బారూకేనని (43:3). ఆ తర్వాత ఇద్దర్నీ ఐగుప్తుకు తీసుకుపోయారు.

ప్రార్థన: ప్రభువా, కష్టపడి రాసింది కాలిపోయి మళ్లీ మొదటి వరుస నుంచి మొదలుపెట్టినవాళ్లను ఈ ఉదయం నీ ముందు తలచుకుంటున్నాం. మా కాపరుల భార్యలను, మా సండే స్కూలు టీచర్లను, ఇంట్లో మంచాన ఉన్నవాళ్లను ఎత్తి కూర్చోబెడుతున్న కోడళ్లను, కొడుకులను చూడు. విసురు వస్తే మాకు కనబడనివ్వు. ఎప్పుడు వాలాలో, ఎప్పుడు ఊరికే తేలాలో చెప్పు. మూలిగితే విను. ఆమెన్.