'లేదు' అనడానికి ఎంత వెలుతురు కావాలి?

కాలిపిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసం ముంచుకొచ్చినా సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని డాక్టర్లు డి-డైమర్ పరీక్ష రాస్తారు. గడ్డను పట్టి ఉంచే ఫైబ్రిన్ పోగుల్ని ప్లాస్మిన్ అనే ఎంజైము తుంచుతున్నప్పుడు రక్తంలోకి రాలే తునకే డి-డైమర్. తునక దొరికితే గడ్డ ఉన్నట్టేనా? కాదు. గర్భంతో ఉన్నా, ఆపరేషన్ అయినా, కేన్సరో ఇన్ఫెక్షనో ఉన్నా, వయసు మీదపడినా అది పెరుగుతుంది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఇలాంటి పొరపాటునే ఎత్తిచూపుతుంది. పొగను చూసి నిప్పుందనవచ్చు గాని, నిప్పును చూసి పొగ ఉందనకూడదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె కూడా కలవాలి. అందుకే ఈ పరీక్ష ఒక్కటే 'ఉంది' అని తేల్చలేదు. దాని బలమంతా 'లేదు' అనడంలోనే ఉంది. అయితే లేకపోవడం మనకు ఎలా తెలుస్తుంది?

మన తత్త్వశాస్త్రాల్లో భాట్ట మీమాంసకులు, అద్వైతులు దీనికి అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం అని వేరే ప్రమాణమే (తెలుసుకునే మార్గమే) పెట్టారు. న్యాయశాస్త్రం వారైన నైయాయికులు అంత దూరం పోకుండా దాన్ని ప్రత్యక్షానికే, అంటే ఇంద్రియాలతో తెలుసుకోవడానికే తోడు చేశారు. ఆ తగవు ఎలా ఉన్నా, షరతు మాత్రం ఒకటే: ఉంటే కనబడి తీరవలసిన చోట కనబడకపోతేనే లేదనాలి. దీపం వెలుగుతున్న గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదు. చీకటి గదిలో కనబడలేదంటే ఏమీ తేలలేదు. రక్తం పలచబడే మందు మొదలుపెట్టినవారిలో, లక్షణాలు మొదలై వారాలు గడిచినవారిలో గడ్డ ఉన్నా తునకలు తగ్గిపోవచ్చు. అది చీకటి గది. లక్షణాలను బట్టే గడ్డ ఉండే అవకాశం బాగా ఎక్కువని తేలినవారిని రక్తపరీక్షతో సరిపెట్టకుండా నేరుగా స్కానింగుకు పంపుతారు. అంత అనుమానాన్ని తీర్చడానికి ఈ చిన్న దీపం చాలదు.

ఈ షరతు తీరిందా లేదా అన్నది మనిషిని బట్టి కూడా ఉంటుందన్నదే నా వాదన. చాలాకాలం డి-డైమర్‌కు అందరికీ ఒకే హద్దు: మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు. 72 ఏళ్ల ఆవిడ ఆయాసంతో వస్తే, రిపోర్టులో 680 అన్న అంకె హద్దు దాటినట్టే. 50 దాటినవారికి వయసును పదితో హెచ్చవేసి హద్దు గీస్తే ఆవిడ హద్దు 720. మిగతా లక్షణాలు గట్టిగా అనుమానించేలా లేకపోతే గడ్డ లేదనవచ్చు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందేమోనని అనుమానించినవారిపై జరిపి, 2014లో వెలువడిన అడ్జస్ట్-పీఈ అధ్యయనం ఈ లెక్కనే పరీక్షించింది. అనుమానం బలంగా లేని 75 ఏళ్లు, ఆపైవారిలో రక్తపరీక్షతోనే 'లేదు' అనగలిగినవారు 6.4 శాతం నుంచి 29.7 శాతానికి పెరిగారు. మొత్తం అధ్యయనంలో పాత హద్దుకూ కొత్త హద్దుకూ మధ్య పడిన 331 మందిలో మూడు నెలల్లోపు గడ్డ బయటపడింది ఒక్కరికే.

హద్దు మనిషికో తీరుగా మారితే సత్యం కూడా మారినట్టే కదా అని అడగవచ్చు. గడ్డ ఉండటం, లేకపోవడం ఎవరి వయసును బట్టీ మారదు. మారేది దాని గురుతు. పొయ్యి వెలుగుతున్న వంటింట్లో కాస్త పొగ చూసి ఇల్లంటుకుందని ఎవరూ కేకలు పెట్టరు. పడగ్గదిలో అంతే పొగ కనిపిస్తే పరుగెత్తుతారు. అందరికీ 500 అన్నప్పుడు న్యాయం అంకెకు జరిగింది, ముసలివారికి జరగలేదు.

ఈ తర్కమంతా ఎందుకు, అందరికీ స్కానింగు తీసి కంటితోనే చూడవచ్చు కదా అన్నది మరో ఆక్షేపణ. చూపుకూ ఖర్చుంది: ఊపిరితిత్తుల సీటీకి రేడియేషన్, కిడ్నీల మీద భారం పడగల రంగుమందు. చూపుకూ భ్రమ ఉంది: మరీ చిన్న రక్తనాళంలో కనిపించిన మచ్చ గడ్డేనా, దానికి మందు వాడాలా అన్నదానిపై నిపుణులే ఏకాభిప్రాయానికి రారు. వాడితే రక్తస్రావం ముప్పు. సందేహం ఎక్కడో ఒకచోట ఆగక తప్పదని నైయాయికుడైన ఉదయనాచార్యుడు ఏనాడో వాదించాడు. పొగ కావాలనుకున్నవాడు నిస్సందేహంగానే నిప్పు రాజేస్తాడు.

మరి 331 మందిలో ఆ ఒక్కరి మాటేమిటి? వారికి ఏ శాతమూ ఓదార్పు కాదు. అయితే 'లేదు' అన్న మాట ఆనాటి వెలుతురులో చెప్పినదని ఒప్పుకోవడం ఆ మాటలోని లోపం కాదు, అందులో భాగమే. అందుకే మంచి డాక్టరు రిపోర్టు చేతికిచ్చి, "గడ్డ లేదమ్మా" అని అక్కడితో ఆగడు. "ఆయాసం మళ్ళీ వచ్చినా, కాలు వాచినా ఆలస్యం చేయకుండా రండి" అంటాడు.