పేరు పెట్టేది ఒకరు, మోసేది ఒకరు

మనిషికి తన ఇష్టాయిష్టాలతో పని లేకుండా దక్కేవి కొన్ని ఉన్నాయి. పుట్టిన ఊరు, కన్న తల్లిదండ్రులు, ఒంటి రంగు ఇలాంటివి. వీటిని దైవాధీనమని సరిపెట్టుకుంటాము. పేరు కూడా మనల్ని అడిగి వచ్చేది కాదు. కాని అది దైవం ఇచ్చినది కాదు, సాటి మనిషి ఆలోచించి ఇచ్చినది. ఆలోచించి చేసే పని కనుక అందులో మంచిచెడ్డల విచారణకు తావున్నది.

సింగపూరులో బిడ్డ పుట్టిన 42 రోజులలోగా జననం నమోదు చేయించాలి. 21వ రోజున బారసాల చేసుకున్నా, ఆ తరువాత మరో మూడు వారాల వ్యవధి ఉంటుంది. ఆ రోజులలో ఇంట్లో జరిగే చర్చ మన పాఠకులకు తెలియనిది కాదు. తాతగారి పేరు నిలబెట్టాలని ఒకరు, నక్షత్రానికి తగిన అక్షరం రావాలని ఒకరు, బడిలో చైనీస్, మలయ్ పిల్లల నోరు తిరిగేదిగా ఉండాలని మరొకరు. ఇందరి మధ్య బిడ్డ తండ్రి మెల్లగా తన కోరిక బయట పెడతాడు. తాను ఆరాధించే ఆటగాడి పేరు పెడదామంటాడు. ఎప్పుడో ఆ మహానుభావుణ్ణి దగ్గరగా చూశాడు, చేయి కలిపాడు, రెండు మాటలు మాట్లాడాడు. ఆ క్షణం గుండెలో ఉండిపోయింది. ఇప్పుడు బిడ్డ పుట్టాడు. అలా పేరు పెట్టుకుంటే తప్పేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి లోకానికి తెలిసిన ఒక ఉదాహరణ తీసుకుందాము. సునీల్ గవాస్కర్ కుమారుడు 1976 ఫిబ్రవరి 20న జన్మించాడు. అతనికి పెట్టిన పేరు రోహన్ జైవిశ్వ. ఒక్క పేరులో ముగ్గురున్నారు. రోహన్ అంటే వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్. జై అంటే మన సికిందరాబాదువాడైన ఎం. ఎల్. జయసింహ. విశ్వ అంటే గుండప్ప విశ్వనాథ్. 1971లో గవాస్కర్ మొట్టమొదటిసారి టెస్టులు ఆడిన వెస్టిండీస్ పర్యటనలో ఈ ముగ్గురూ అతని కళ్లెదుట ఉన్నవారే. కన్హాయ్ ఎదుటి జట్టులో, జయసింహ, విశ్వనాథ్ తన జట్టులో. గవాస్కర్‌కు అది తొలి సిరీస్ అయితే, జయసింహకు అదే ఆఖరుది. ఒకరు వాకిట్లోకి అడుగు పెడుతుండగా ఒకరు సెలవు తీసుకుంటున్నారన్నమాట.

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటున్నది. జయసింహ 39 టెస్టులు ఆడి 2,056 పరుగులు చేశాడు. సెంచరీలు మూడే. హైదరాబాదు జట్టుకు ఏళ్ల తరబడి నాయకత్వం వహించినా అతని చేతికి రంజీ ట్రోఫీ రాలేదు. పేరు పెట్టిన గవాస్కరో, 1987లో విరమించేనాటికి 10,122 పరుగులు, 34 సెంచరీలు చేసినవాడు. అంకెలే కొలబద్ద అయితే ఈ పేరు పెట్టడంలో అర్థం లేదు. మరి ఏమి చూశాడు? నిలబడే తీరు, నడిచే తీరు, ఓడినప్పుడు కూడా చెదరని హుందాతనం. 1968లో బ్రిస్బేన్ టెస్టుకు జయసింహను జట్టులో లేనివాణ్ణి రప్పించి దించారు. వచ్చీ రాగానే 74, 101 పరుగులు చేశాడు. ఆ టెస్టు మనం ఓడిపోయాము. అయినా హైదరాబాదు వాళ్లు నేటికీ ఆ ఆట ముచ్చట చెప్పుకుంటారు. గెలుపుకు పేరు పెట్టడం వేరు, గుణానికి పేరు పెట్టడం వేరు.

అయితే ఇంత దగ్గరగా చూసే అవకాశం మనబోటివారికి ఎక్కడిది? 2017 ఏప్రిల్‌లో సింగపూర్ ఓపెన్ బ్యాడ్మింటన్ ఫైనల్లో ఇద్దరూ తెలుగువాళ్లే తలపడ్డారు. సాయి ప్రణీత్ శ్రీకాంత్‌పై గెలిచాడు. 2022 జూలైలో అదే పోటీలో పి. వి. సింధు విజేత అయింది. అలాంటి రోజున ఒక తండ్రి స్టేడియం బయట నిలబడి సంతకం తీసుకుని, పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడనుకుందాము. ఆ ఆనందం నిజమైనదే. కాని ఆయన చూసింది ఒక మనిషి జీవితంలో ఒక్క నిమిషం. ఆ నిమిషాన్ని తన బిడ్డకు నూరేళ్లకు రాసి ఇవ్వవచ్చునా?

పెద్దలు పోయినవారి పేర్లు, దేవుళ్ల పేర్లు పెట్టడంలో ఒక జాగ్రత్త కూడా ఉన్నది. పోయినవారు కొత్తగా మాట పడరు. బతికున్నవారి సంగతి అలా కాదు. 1984-85లో అజారుద్దీన్ తన మొదటి మూడు టెస్టులలో మూడు సెంచరీలు కొట్టినప్పుడు హైదరాబాదు మురిసిపోయింది. 2000లో బోర్డు అతనిపై జీవితకాల నిషేధం విధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నది. 1985లో ఆ పేరు పెట్టించుకున్న పిల్లవాడు ఉంటే, వాడికి నిషేధం నాటికి పదిహేనేళ్లు, తీర్పు నాటికి ఇరవైయేడు. మధ్యలోని పన్నెండేళ్లు బడిలో, వీధిలో ఎవరో చేసిన ఎత్తిపొడుపుకు వాడు సంజాయిషీ చెప్పుకోవాలా? పేరు పెట్టినవాడు తండ్రి, మాట పడేవాడు కొడుకు. ఇది న్యాయంగా తోచదు.

పెట్టిన పేరు ఎంత గొప్పదైనా మోసేవాడికి నచ్చకపోవచ్చు. మన పక్కనే కౌలాలంపూరులో 1975 జూలై 1న జో బగ్నర్‌తో పోటీపడిన మహమ్మద్ అలీ అసలు పేరు కాసియస్ క్లే. ఆ పేరు మొదట ఒక తెల్ల దొరది. ఆ దొర బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడినవాడు. నల్లజాతి కుటుంబంలో ఆ పేరు నిలుపుకోవడం కృతజ్ఞతే అనుకోవాలి. కాని 1964లో ఆ యువకుడు అది బానిస పేరని వదిలివేశాడు. బానిసల కోసం పోరాడినవాడి పేరు ఒకడికి బానిస పేరుగా తోచిందంటే, పేరు గొప్పతనం పెట్టేవాడి మనసులో ఉన్నంత మాత్రాన మోసేవాడి మనసులోకి దిగదని తెలుస్తున్నది.

మరి అలాంటి పేర్లు పెట్టనే కూడదా? నేను అంత దూరం పోను. భాగవతంలోని అజామిళుడి కథ మనందరికీ తెలుసు. చివరి కొడుకుకు నారాయణ అని పేరు పెట్టుకున్నాడు. అవసానకాలంలో భయపడి కొడుకును పిలిచాడు. విష్ణుదూతలు వచ్చి అతణ్ణి కాపాడారు. ఈ కథను నామమహిమకు దృష్టాంతంగా చెబుతారు. నాకు మరొకటి కూడా కనిపిస్తుంది. పేరు కొడుకుది, ఫలం తండ్రిది. నారాయణుడంతటివాడు కావాలని ఆ పసివాణ్ణి ఎవరూ అడగలేదు. గొప్ప పేరు పెట్టడం వల్ల వచ్చే మేలు పిలిచేవాడికి వస్తుంది. ఆ పేరు నోట పలికిన ప్రతిసారీ తాను మెచ్చిన గుణం గుర్తుకు రావాలి, దానికి తగినట్టు నడుచుకోవాలి. కనుక ఆ పేరుకు సంబంధించిన బాధ్యత తండ్రిది. బిడ్డది కాదు.

మళ్లీ రోహన్ గవాస్కర్ సంగతి చూడండి. తండ్రి కుడిచేతి ఆటగాడు, కొడుకు ఎడమచేతి వాటం. బెంగాల్ జట్టుకు ఆడాడు, భారత జట్టు తరఫున 2004లో 11 వన్డేలు ఆడాడు. టెస్టు ఆడలేదు. అతని పేరులో ముగ్గురు ఆటగాళ్లు ఉన్నా, లోకం అతణ్ణి పోల్చింది వారితో కాదు, ఇంటిపేరుతో. దీనిని బట్టి బరువు పెట్టిన పేరులో లేదని, ఎదుటివారు పెట్టుకునే ఆశలో ఉన్నదని తెలుస్తున్నది. తాతపేరు పెట్టినా, ఏ అర్థమూ లేని పేరు పెట్టినా, ఆ ఆశ ఇంట్లో ఉంటే బిడ్డ నడుము వంగక తప్పదు.

సింధు తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఆమెకు పెట్టినది నది పేరు. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలవడం ఆమెను బ్యాడ్మింటన్ వైపు తిప్పింది. ఆదర్శం పేరులో రాలేదు, కళ్లు తెరిచి చూసే వయసులో తానే ఏరుకున్నది. పిల్లలకు మనం మిగల్చవలసిన స్వేచ్ఛ అదే.

కాబట్టి పేరు పెట్టబోయే తండ్రి తనను తాను ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. ఈ బిడ్డ జీవితంలో బ్యాటుగాని రాకెట్టుగాని ముట్టకపోయినా, ఈ పేరుతో పిలవడం నాకు ఇంతే సంతోషమా? అవును అని మనసు చెబితే ఆ పేరు కృతజ్ఞత, నిశ్చింతగా పెట్టవచ్చు. ఒక్క క్షణం తటపటాయించినా అది కోరిక. కోరికను పళ్లెంలోని బియ్యం మీద రాయకూడదు.

పెట్టిన తరువాత ఇంకొక ధర్మం ఉన్నది. పిల్లవాడికి ఊహ తెలిశాక, ఆ పేరు ఎవరిదో, ఆయనలో మనం ఏమి మెచ్చామో ఒకసారి చెప్పాలి. రోజూ చెప్పకూడదు. పెద్దయ్యాక వాడు డీడ్ పోల్ రాయించుకుని పేరు మార్చుకుంటానంటే కళ్లనీళ్లు పెట్టుకోకుండా సరేననగలగాలి. మనం మెచ్చిన మహానుభావుడికి మనం చెల్లించవలసిన గౌరవం మనం ముందే చెల్లించేశాము. ఆ బాకీలో బిడ్డకు వాటా లేదు.