కుమ్మరి సంగతేమిటి?

మహానవమి నాడు మా చింతామణి స్టూడియోలో ఆయుధ పూజకు పెట్టే వరసలో ఒక యాషికా మాట్ 124జి ఉంటుంది. నాన్న కొన్నది. పై మూత ఎత్తి, లోపలికి తొంగిచూసి తీసే రెండు కళ్ళ కెమెరా. అద్దంలో ఎడమ కుడిగా, కుడి ఎడమగా కనిపిస్తుంది. పెండ్లికొడుకును ఎటు జరగమనాలో నాన్న చెయ్యి ఎన్నడూ తడబడలేదు. నాకు ఆ లెక్క కుదరడానికి ఏండ్లు పట్టింది. 120 రోలుకు పన్నెండే ఫోటోలు. అందుకే పన్నెండో ఫోటోకు ముందు నాన్న ఒకసారి పందిరంతా కలయజూసేవాడు.

ఇప్పుడు అది పనిచెయ్యదు. ఒక సెకనుకు పెట్టి నొక్కితే షట్టర్ రేకులు తెరుచుకుంటాయి, అంతే. వేలితో తడితే ఎప్పుడో మూసుకుంటాయి. బెంగళూరులో ఒకాయన నాలుగు నెలలు ఉంచుకొని, ఉన్న మరల్లో ఒకటి తగ్గించి తిరిగి ఇచ్చాడు. పోయినేడు దానికి కుంకుమ పెడుతుంటే మావాడు అడిగాడు: “పనిచెయ్యనిది ఆయుధమెట్లయితుంది నాయనా?”

నిమ్మకాయ కోస్తూ ఏదో సర్దిచెప్పాను కానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

బాగేపల్లి దగ్గర గడిదం వెంకటరమణస్వామి తేరుకు ఏటా పోతాను. అక్కడ పరిచయమైన ఒక అర్చకుణ్ణి అడిగాను.

“విగ్రహం భిన్నమైతే ఏం చేస్తారు సామీ?”

“కళాకర్షణ చేస్తామప్పా. శక్తిని కలశంలోకి తీసుకుంటాం. బాలాలయంలో పూజ నడుస్తుంది. కొత్త విగ్రహం వచ్చినాక దాంట్లోకి. పాతదాన్ని నీళ్ళల్లో విడుస్తాం.”

“కొత్తది చెక్కేవాడే లేకపోతే?”

ఆయన నవ్వాడు. “శివారపట్టణం ఉండగా చెక్కేవాళ్ళకు కరువా?”

మాలూరు తాలూకాలో తరతరాలుగా రాళ్ళు చెక్కే ఊరు అది. నిజమే, దేవుళ్ళకు శివారపట్టణం ఉంది. రీలు కెమెరాలకు ఏముంది? యాషికా పేరుతో కెమెరాలు చేస్తున్న క్యోసెరా 2005లో ఆ పని మానుకుంది. 2006లో నికాన్ ఎఫ్6, ఎఫ్ఎమ్10 తప్ప తక్కిన ఫిల్మ్ కెమెరాలన్నీ ఆపేసింది. 2020లో ఎఫ్6 కూడా పోయింది. కానన్ ఈఓఎస్-1వీ అమ్మకం 2018లో ముగిసింది. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో రీళ్ళు చేసేది. అదీ మూతపడింది. అంతా పోయిందంటే తప్పే. లైకా 2022లో ఎం6ను మళ్ళీ తెచ్చింది, కానీ అది లక్షల మాట, మన బేరం కాదు. 2024లో పెంటాక్స్ 17 వచ్చింది. ముప్ఫయ్యారు పడే రీలు మీద డెబ్భైరెండు తీస్తుందట. నాన్న ఉంటే ఇంత దుబారా ఏమిటనేవాడో, ఇంత పొదుపు ఏమిటనేవాడో!

అంగడికి వచ్చే ఒక రిటైరైన మాస్టారు దీన్నంతా ఒక్క మాటతో తేల్చేశారు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన మట్టి ఉదాహరణ ఎత్తి, మట్టే సత్యమని, కుండ వట్టి పేరని, పేరు కోసం ఏడవద్దని అన్నారు. నాకు కోపం వచ్చింది. ఈ ఉదాహరణలో అందరూ మట్టి దగ్గరే ఆగుతారు. తర్కం చదివినవాళ్ళు కుమ్మరిని, కర్రను, చక్రాన్ని వేరే లెక్కలో రాశారు కదా, నిమిత్త కారణమని! గాజు ఎక్కడికీ పోలేదు, ఇత్తడీ పోలేదు. పోయింది కుమ్మరి. రేకుల మీద నూనె ఎంత తుడవాలో, ఎక్కడ చెయ్యి ఆపాలో తెలిసిన వేళ్ళు పోయాయి. మట్టి సత్యమే మాస్టారూ, మరి ఆ వేళ్ళు మిథ్యా?

దేవుడికి కెమెరా అక్కర లేదని నాకు తెలుసు. మా తాలూకాలోని కైవారంలో నారేయణ తాతయ్య 1836లో సమాధి అయ్యాడని చెప్తారు. పారిస్‌లో ఫోటోగ్రఫీ సంగతి లోకానికి చాటింది 1839లో. మూడేండ్ల తేడా. ఇంటింటా ఉన్న తాతయ్య పటాలు చిత్రకారుల ఊహే, దాంతో ఎవరి భక్తికీ వెలితి రాలేదు. ఆ తాతయ్య యోగి కాకముందు గాజులు అమ్మేవాడు. ఆ మలారం ఏమైందో ఎవరూ అడగరు. ఆయన దాన్ని తనంతట దించేశాడు కాబట్టి అడగనక్కర లేదేమో. నేను దించలేదే!

మళ్ళీ గడిదం పోయినప్పుడు అర్చకస్వామి ఆ మాట మరిచిపోలేదు. “ఒకటుందప్పా. స్వయంభువైతే జీర్ణమైనా తియ్యం. అట్లే పూజ చేస్తాం” అన్నాడు. దారి పొడుగునా బస్సులో అదే ఆలోచన. స్వయంభువంటే ఎవరూ చెయ్యనిదా, చేసినవాళ్ళు ఎవరికీ గుర్తు లేనిదా? ఇట్లా అడగడం తప్పో ఏమో. పైగా నా కెమెరా నొసటన చేసినవాళ్ళ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంది. ఆ వంక కూడా చెల్లదు.

ఈ మహానవమికి బొరుగులు, పప్పులు కొనుక్కొచ్చాను. చిక్కబళ్ళాపురం చామంతులు మావాడే తెచ్చాడు. మాల కట్టి, “దీనికి వెయ్యాల్నా?” అని యాషికాను చూపించాడు. వెయ్యమన్నాను. అద్దానికి అంటకుండా తోలు మీద కుంకుమ పెట్టాను. పెట్టాక ఊరకుండలేక, ఒక సెకనుకు తిప్పి నొక్కాను. రేకులు తెరుచుకున్నాయి. హారతి అయ్యేదాకా అట్లే ఉన్నాయి.