గూటి ముంగిట రెండు అనుమతులు

అధికారి అనుమతించిన కార్యమెల్ల ధర్మసమ్మతమగునా? ఈ ప్రశ్నకు అడవిపక్షి గూడు చక్కని పరీక్ష. నేడు అనేకులు కెమెరాలు చేతబూని చెరువుగట్లకును బీళ్లకును పోవుచున్నారు. పక్షి సౌందర్యమును గాంచి ఆనందించుట దోషము కాదు. కాని గ్రుడ్లను పొదుగుచున్న తల్లిని సమీపించునప్పుడు మన ఆనందమునకు మూల్యమెవరు చెల్లించుచున్నారో విచారింపవలెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ‘వేట’ యను పదమునకిచ్చిన అర్థము గమనింపదగినది. చంపుట, వలపన్నుట మాత్రమే గాక, అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుటయు, గ్రుడ్లను గాని గూళ్లను గాని కదల్చి కలత పెట్టుటయు వేటయే యని అది చెప్పుచున్నది. గూడబాతులు గూళ్లు కట్టు నేలపట్టు వంటి అభయారణ్యములలో ఛాయాచిత్రములు తీయగోరువారు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. ఆవాసమునకు మార్పు గాని, ప్రాణులకు కీడు గాని కలుగరాదను నియమమును 2022 నాటి సవరణ స్పష్టపరచినది.

అయినను పత్రము చేతనున్నంత మాత్రమున బాధ్యత తీరదు. తీతువు పిట్టను చూడుడు. అది వట్టి నేలపై, గులకరాళ్ల నడుమ, సాధారణముగ 4 గ్రుడ్లు పెట్టును. మండుటెండలో రొమ్ముఈకలను నీట తడుపుకొని వచ్చి గ్రుడ్లను చల్లబరచును. మనము పావుగంట అచట నిలిచితిమా, తల్లి పావుగంట దూరముగ అరచుచు తిరుగును. అంతలో గ్రుడ్లు ఎండకు వేగును, కాకి కనిపెట్టును. పంచతంత్రమున టిట్టిభ దంపతుల గ్రుడ్లను సముద్రము హరించినది. నేడు మన ముచ్చట హరింపవచ్చును. చిత్రము స్పష్టముగ రావలెనని గూటికి మరుగైన కొమ్మను విరుచువాడు పిల్లలకున్న ఏకైక కప్పును తొలగించుచున్నాడు.

“చిత్రమును చూచి పదిమందికి పక్షులపై ప్రేమ కలుగదా?” యని కొందరందురు. కలుగవచ్చును. కాని ఆ పదిమంది ప్రేమకై ఒక గూడు పాడగుట న్యాయమా? ఎగురు పక్షిని, మేయు పక్షిని దూరమునుండి తీయవచ్చును గదా! గూడున్న చోటును పదుగురికి చాటకుండుటయు దయలో భాగమే.

కావున అనుమతులు రెండు. మొదటిది అధికారి యిచ్చును. రెండవది తల్లిపక్షి యిచ్చును. అది బెదరి లేచినను, ముక్కున ఆహారముంచుకొని గూటికి రాక తచ్చాడినను, రెండవ అనుమతి లేదని గ్రహించి తక్షణము వెనుదిరుగవలెను. అప్పుడు తీయక విడిచిన చిత్రమునకు సాక్షి లేడు. మన మనస్సొక్కటియే సాక్షి.